గోనెకు మూలం గన్నీ కాదు

బొబ్బిలి నుంచి మీరు అడిగిన ప్రశ్న చదివాను. మీ నాన్నగారిది ఖాళీ సంచుల వ్యాపారం. ధాన్యం కొనుగోలు కాగితాల్లో ‘గన్నీ సంచులు’ అని ఉంటుంది, ఇంట్లో మీ నాయనమ్మగారు ‘గోనెలు’ అంటారు. గన్నీ అనే ఇంగ్లీషు మాటనే పల్లెల్లో నోరు తిరగక గోనె చేశారని మీ స్నేహితుడు అన్నారు. కాదు, గోగునారతో నేస్తారు కాబట్టి గోనె అయిందని మీ మేనమామగారు అన్నారు. ఏది నిజం, దుకాణానికి కొత్త బోర్డు మీద ఏ మాట రాయించాలి అన్నది మీ సందేహం.

ఈ రెండు వాదనలూ నిలబడవు. గోనెకు మూలమైన పాత మాట గోణి నుంచే గన్నీ వెళ్లింది. నేను విజయనగరంలో చాలాకాలం తెలుగు పాఠాలు చెప్పాను, మా ఇంట్లో గోగు పండించేవాళ్లు. అందువల్ల ఈ మాట మీద నాకు ప్రత్యేకమైన మక్కువ ఉంది. జవాబు కాస్త పొడుగవుతుంది. మన మాట ఏదైనా ఇంగ్లీషు మాటకు దగ్గరగా వినిపిస్తే చాలు, మనదే అరువు అని తీర్మానించే అలవాటు చదువుకున్నవాళ్లలో కూడా ఉంది. అది సరికాదని ఈ ఒక్క మాటతో చూపించవచ్చు.

ముందు మీ స్నేహితుడి వాదన. ఇంగ్లీషు గన్నీలో మొదటి అక్షరం పొట్టిది, బస్సులోని ‘బ’ లాంటిది. అలాంటి అక్షరం ఉన్న ఇంగ్లీషు మాటలు తెలుగులోకి ఎలా వచ్చాయో చూడండి: బస్సు, కప్పు, పంపు, డ్రమ్ము. ఒక్కదానిలోనూ అది ‘ఓ’గా సాగలేదు. బోస్సు, కోప్పు అని ఏ పల్లెలోనూ ఎవరూ అనలేదు. గన్నీ నిజంగా ఇంగ్లీషు నుంచి వస్తే గన్నీగానే ఉండాలి. కొనుగోలు కేంద్రాల్లో, గోదాముల్లో ఇప్పుడు వినబడుతున్నది సరిగ్గా అదే. అంటే ఇంగ్లీషు నుంచి వచ్చిన రూపం మన దగ్గర వేరుగా ఉంది, దాని పక్కనే గోనె కూడా ఉంది. ఒకదాని నుంచి ఇంకొకటి మన నోట మారిన గుర్తు ఎక్కడా లేదు.

పైగా ఇంగ్లీషువాళ్లు ఈ మాటను మొదట రాసుకున్నప్పుడు వాళ్లు కూడా ‘ఓ’తోనే రాశారు. 1711 నాటి ఒక ఇంగ్లీషు వర్తక గ్రంథంలో పంచదార నింపే జంట సంచుల ప్రస్తావన ఉంది. అక్కడ మాట ‘గోనీ’ అనే ఉంది. గన్నీ అన్న రూపం ఆ తరువాత స్థిరపడింది. యూల్, బర్నెల్ ఇద్దరూ కలిసి కూర్చగా 1886లో వెలువడిన ఆంగ్లో ఇండియన్ పదకోశం హాబ్సన్ జాబ్సన్ కూడా గన్నీకి మూలం సంస్కృత గోణి అనీ, హిందీ, మరాఠీల గోణ్, గోనీ అనీ స్పష్టంగా చెప్పింది. ఇంగ్లీషువాళ్లే అరువు తెచ్చుకున్నామని ఒప్పుకున్న మాటను మనం వాళ్లదని అనడం భావ్యం కాదు.

ఇక పొరుగు భాషలు చూద్దాం. కన్నడంలో గోణి. తమిళంలో కోణి (తమిళ లిపిలో మాట మొదట గ, క రెండింటికీ ఒకటే అక్షరం). మరాఠీలో గోణ్, గోణీ. సింహళంలో గోని. వీటిలో ‘ణ’ను గమనించండి, అసలు సాక్ష్యం అక్కడే ఉంది. ఇంగ్లీషులో ణకారం లేదు. ఇంగ్లీషు మాటలోని నకారాన్ని కన్నడిగులు గానీ మరాఠీలు గానీ ణకారం చేసి అరువు తెచ్చుకోరు. ఇన్ని భాషల్లో ణ ఉందంటే ఈ మాట ఇంగ్లీషువాళ్లు రాకముందే ఇక్కడ ఉంది.

మరి తెలుగులో ‘న’ ఎందుకుంది? ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. తమిళంలో కణ్, మనకు కన్ను. తమిళంలో మణ్, మనకు మన్ను. కన్నడంలో బెణ్ణె, మనకు వెన్న. సంస్కృతం నుంచి వచ్చి మన నోట నలిగిన మాటల్లోనూ ఇదే జరిగింది: పూర్ణిమ పున్నమి అయింది, వర్ణం వన్నె అయింది. పొరుగు భాషల్లో ణ నిలిచిన చోట తెలుగు న చేసుకుంది. గోణి గోనె కావడం ఈ వరసలోనిదే. అంటే మన భాషలో ఈ మార్పులు జరిగిన కాలం నుంచీ గోనె మనతో ఉంది, వాటితోపాటే మారింది.

ఎంత పాతది అంటే పాణిని దగ్గరికి వెళ్లాలి. క్రీస్తుకు పూర్వం నాలుగైదు శతాబ్దాల నాటి ఆయన వ్యాకరణంలో ఈ మాట కోసం ప్రత్యేకంగా సూత్రాలు ఉన్నాయి. ఒక సూత్రం ప్రకారం, ధాన్యం వంటివి పోసి ఉంచే సంచి అన్న అర్థంలో మాత్రమే ‘గోణీ’ అని దీర్ఘ ఈకారం వస్తుంది, మరో అర్థంలో ‘గోణా’ అవుతుంది. ఇంకో సూత్రం ‘ఇద్గోణ్యాః’. సంఖ్యతో కలిసి సమాసమై, ఇంత పెట్టి కొన్నది అనే అర్థం వచ్చినప్పుడు గోణీ చివరి ఈకారం పొట్టి ఇకారం అవుతుందని చెబుతుంది. దానికి పాణిని సూత్రాల వ్యాఖ్య కాశికావృత్తి ఇచ్చే ఉదాహరణ ‘పంచగోణిః’. అయిదు గోనెలు ఇచ్చి కొన్న బట్ట అని అర్థం.

ఆ ఉదాహరణ దగ్గర ఒక్క క్షణం ఆగండి. అయిదు గోనెలు అంటే అయిదు ఖాళీ సంచులు కావు, అయిదు గోనెల ధాన్యం. సంచి పేరే కొలత పేరు అయింది, ఆ కొలతే బట్టకు వెల అయింది. వైద్యగ్రంథాల్లోనూ గోణి ఒక కొలత. శార్ఙ్గధర సంహిత మానపరిభాషలో రెండు శూర్పాలు ఒక ద్రోణి, దానికే వాహం, గోణి అని పేర్లు. చీపురుపల్లిలోనో రాజాంలోనో ఇద్దరు రైతులు కలిస్తే ‘ఎకరానికి ఎన్ని బస్తాలు?’ అని అడుగుతారు గదా, ఆ ప్రశ్నలో బస్తా చేసే పనిని ఒకప్పుడు గోణి చేసింది.

పాణిని వ్యాకరణానికి మహాభాష్యం రాసిన పతంజలి దగ్గర ఇదే మాట ఇంకో వేషంలో కనిపిస్తుంది. ఆ గ్రంథం మొదట్లోనే ఆయన ఒక్క శుద్ధ శబ్దానికి ఎన్నో అపభ్రంశాలు ఉంటాయని చెబుతూ, ‘గౌః’ అన్న మాటకు గావీ, గోణీ, గోతా, గోపోతలికా వంటివి అపభ్రంశాలని చూపిస్తాడు. అంటే ఆ రోజుల్లో సామాన్యులు ఆవును కూడా గోణి అనేవాళ్లు, పండితులు అది తప్పన్నారు. పాళీ భాషలో గోణ అంటే ఎద్దు.

సంచికీ ఎద్దుకూ చుట్టరికం ఉందా? ఉందనే నాకు అనిపిస్తుంది. హిందీలో గోన్ అంటే ఏదో ఒక సంచి కాదు, ఎద్దు వీపు మీద అటూ ఇటూ వేలాడేలా వేసే జంట సంచి. మన ప్రాంతంలో రైలు రాకముందు తీరంలోని ఉప్పు సాలూరు కనుమల మీదుగా జయపురం, బస్తరు వైపు వెళ్లింది లంబాడీల ఎద్దుల మీదే. బరువు రెండు వైపులా సమంగా ఉండాలి కాబట్టి ఒక ఎద్దుకు ఒక జంట. ఎద్దు మోసేది కాబట్టి గోణి అన్న ఊహ వస్తువుకు బాగా అతుకుతుంది. అయితే ఇది నా మొగ్గు మాత్రమే, పాణిని సూత్రం లాంటి సాక్ష్యం కాదు. దీన్ని సంస్కృతంలో పుట్టిన మాట అనాలా, ద్రావిడ భాషల నుంచి సంస్కృతం తీసుకున్నది అనాలా అన్న చర్చ కూడా ఉంది. సంస్కృతానికి తోబుట్టువులైన గ్రీకు, లాటిన్ భాషల్లో సంచికి ఈ మాట లేదు. అందువల్ల ఈ నేల మీదే పుట్టిందని చెప్పడానికి నేను వెనుకాడను.

గ్రీకు, లాటిన్లలో సంచికి ఉన్నది వేరే మాట, దాని ప్రయాణం కూడా చెప్పుకోదగ్గదే. హీబ్రూలో ‘శక్’. గ్రీకులో సక్కోస్, లాటిన్‌లో సక్కుస్, డచ్చిలో జాక్, ఇంగ్లీషులో శాక్. తూర్పు నుంచి పడమరకు వెళ్లి, ఓడలెక్కి మళ్లీ తూర్పుకు వచ్చింది: మలయాళీల చాక్కు యూరప్ వర్తకులు వదిలి వెళ్లిన మాటే. హీబ్రూ శక్‌కు రెండు అర్థాలున్నాయి, ధాన్యపు సంచి ఒకటి, దుఃఖంలో ఒంటికి చుట్టుకునే ముతక బట్ట రెండోది. తెలుగు బైబిలు అనువాదకులు ఆ రెండింటికీ మన మాటనే వాడారు. యోసేపు అన్నలు ఐగుప్తు నుంచి ధాన్యం తెచ్చుకున్నవి గోనెలు, నీనెవె రాజు కట్టుకున్నది గోనెపట్ట. ఎంత సరిగ్గా అమరిందో చూడండి.

ఇక అమెరికాలో ‘గన్నీ శాక్’ అంటారు. అందులో రెండు ముక్కలకూ సంచి అనే అర్థం. మనం ‘గోనెసంచి’ అనడం లేదా? అదే పద్ధతి.

సముద్రం దాటిన గోనె గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే అవుతుంది. మలయ్ భాషలో గునీ, ఇండోనేషియాలో గోనీ. బర్మీయులు గోన్నీ అంటారు. తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీ మాట్లాడేవాళ్లు గునియా అంటారు, బహువచనం మగునియా. మడగాస్కర్‌లో గునీ, పక్కనే ఉన్న రీయూనియన్ ద్వీపపు క్రియోల్‌లో గోనీ. హిందూ మహాసముద్రం చుట్టూ ఎక్కడ ఓడ ఆగినా ఈ మాట ఉంది. కారణం సులభంగానే బోధపడుతుంది. బియ్యం, పంచదార, కాఫీ, లవంగాలు, ఏది ఎక్కించినా సంచి కావాలి, ఆ సంచి మన దేశం నుంచి వెళ్లేది. వస్తువు వెంట పేరు వెళ్లింది. బర్మాలో ఈ మాట విన్నవాళ్లలో మన ఉత్తరాంధ్ర వాళ్లు ఎందరో ఉండి ఉంటారు. రంగూను రేవులోనూ, అక్కడి బియ్యం మిల్లుల్లోనూ సంచులు మోసిన కూలీల్లో తెలుగువాళ్లే పెద్ద భాగం, అక్కడ వాళ్లను కొరంగీలు అనేవాళ్లు. భోగాపురం, కళింగపట్నం వైపు పాత కుటుంబాల్లో ‘రంగూను వెళ్లిన తాత’ లేని ఇల్లు అరుదు.

ఇప్పుడు మీ మేనమామగారి మాటకు వస్తాను. గోగు నుంచి గోనె అన్న ఊహను నేను తేలిగ్గా తీసేయను. గోగు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పంట. ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధన స్థానం పేరే గోగు రకాల వల్ల దేశమంతా తెలుసు. పూతకు వచ్చిన గోగును కోసి, మోపులు కట్టి, ఆకు రాలిన తరువాత చెరువులో అడ్డంగా పేర్చి, తేలకుండా పైన బరువు పెడతారు. రెండు మూడు వారాలకు నీళ్లు నల్లబడి, వాసన ఊరి దాకా వస్తుంది. మొదలు దగ్గర వేలితో గిల్లితే నార పుల్లను వదిలి జారాలి. జారకపోతే ఇంకా నానాలి, ఎక్కువ నానితే నార కుళ్లుతుంది. నడుము లోతు నీళ్లలో నిలబడి నార ఒలిచి, ఝాడించి, తాడు మీద ఆరేస్తే బంగారు రంగు తేలుతుంది. ఆ నార మిల్లుకు వెళ్లి గోనె అవుతుంది. ఇదంతా కళ్లారా చూసినవాళ్లకు గోగు, గోనె రెండూ ఒకే మాట అనిపించడం సహజం.

కానీ రెండు అడ్డంకులు ఉన్నాయి. మొదటిది, గోగు అన్న పేరు తెలుగులో ఉంది, గోనె మాత్రం తెలుగు దాటి ఉంది. గోఁగు, కూర కలిసి మన గోంగూర అయింది. అదే మొక్కను కన్నడిగులు పుండి అంటారు, తమిళులు పుళిచ్చకీరై అంటారు. గోనె గోగు నుంచి పుట్టి ఉంటే, మొక్కకు ఆ పేరే లేని చోట్ల సంచికి గోణి అని పేరు ఎలా వచ్చింది? రెండోది, గోనె నార పేరు కాదు, సంచి పేరు. పాణిని నాటి గోణి గోగునారతోనే చేసిందన్న ఆధారం ఏమీ లేదు. జనుముతో నేసినవీ ఉన్నాయి, తరువాత జూటుతో నేసినవీ ఉన్నాయి. ఈ రోజు ఎరువుల ప్లాస్టిక్ సంచిని కూడా మన పల్లెల్లో గోనె అనేస్తారు. నార మారుతూ వచ్చింది, పేరు మాత్రం సంచిని పట్టుకునే ఉంది.

నారల పేర్ల గురించి మీ వ్యాపారానికి పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. పత్రికల్లో జూటును ‘జనపనార’ అని రాస్తున్నారు. జనుము వేరే మొక్క, పప్పుజాతిది, పసుపు పూలు పూస్తుంది, సంస్కృతంలో శణం. మన గోగు మందార జాతిది. బెంగాలు జూటు ఈ రెండూ కాదు. సరుకు కొనేటప్పుడు నారను బట్టి ధర మారుతుంది కాబట్టి మూడింటికీ ఒకే పేరు పెట్టడం మంచిది కాదు.

జూట్ అన్న మాట కూడా మనకు దగ్గరిదే. శివుడి జటాజూటం ఎరుగని తెలుగువాడు లేడు. ఆ జూటమే బెంగాలీలో ఝుటో, ఒడియాలో ఝోట. ఆరబెట్టిన నార చిక్కుపడ్డ జడలా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇచ్ఛాపురం దాటి నాలుగు మైళ్లు వెళ్తే ఝోట అనే వినిపిస్తుంది. ఇంగ్లీషువాళ్లు అక్కడి నుంచి జూట్ చేసుకున్నారు. 1790లలో కలకత్తా వృక్షోద్యానం నుంచి ఈ నారను ఇంగ్లండుకు పరిచయం చేసిన విలియం రాక్స్‌బర్గ్, అంతకుముందు మన సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలు పరిశీలించిన మనిషే. ఇప్పటి బెంగాలీలు మాత్రం జూటును పాట్ అంటారు. ఒడియావాళ్లకు పాట అంటే పట్టు, పాటశాడీ అంటే పట్టుచీర. రెండింటికీ మూలం సంస్కృత పట్టమే. కలకత్తాలో ముతక నారకు, భువనేశ్వర్‌లో పెళ్లిచీరకు ఒకే పేరు.

శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కుదరదని ఇక్కడే చెప్పాలి. మలయాళంలో కోణి అంటే నిచ్చెన. కన్నడంలోనే గోణి అన్న పేరుతో మర్రి జాతి చెట్టు ఒకటి ఉంది, కొడగులోని గోణికొప్పలు ఊరిపేరులో ఉన్నది అదే. గ్రీకులో గోనియా అంటే మూల. వీటిని సంచితో ముడిపెట్టి రాసేవాళ్లు కనిపిస్తే నమ్మకండి.

మీరు అడగకపోయినా బస్తా గురించి చెప్పాలి, ఎందుకంటే మీ దుకాణంలో గోనెకు నిజమైన పోటీ అదే. బస్తా పారసీ మాట. బస్తన్ అంటే కట్టడం, బస్తా అంటే కట్టినది. హిందీవాళ్లకు బస్తా అంటే పిల్లవాడి పుస్తకాల సంచి, లేదా గుడ్డలో కట్టిన కాగితాల మూట. బెంగాలీలకూ మనకూ ధాన్యపు సంచి. పారసీ, సంస్కృతం అక్కచెల్లెళ్లు కాబట్టి వాళ్ల బస్తా, మన బద్ధం రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి, బంధం కూడా అక్కడిదే. పోలీసు బందోబస్తు అంటే పారసీలో కట్టూ కట్టడమూ, ఆపైన ఏర్పాటు అయింది. ఇంగ్లీషులో కట్టడాన్ని బైండ్ అనడం కూడా ఈ కుటుంబపు మాటే. బస్తీ మాత్రం వేరు, అది నివాసం అనే అర్థమున్న వసతి నుంచి వచ్చింది.

వాడుకలో ఈ రెండు మాటలూ పని పంచుకున్న తీరు చూడండి. ఖాళీగా ఉన్నంతసేపు అది గోనె. మడతపెట్టి కట్టలుగా అమ్మేది గోనె, చలికి పశువు మీద కప్పేది గోనె, వడ్లు ఆరబోయడానికి విప్పి పరిచేది గోనెపట్ట. వడ్లు పోసి, మూతిని మడిచి, రెండు మూలలా చెవుల్లా పట్టుకోవడానికి వీలుగా కొస వదిలి, దబ్బనంతో పురికొస లాగి కుట్టేశాక అది బస్తా. ‘కట్టినది’ అన్న పారసీ అర్థం తెలియకుండానే మన కళాసీలు దాన్ని కుట్టు పడిన తరువాతే బస్తా అంటున్నారు. బరువు తూచేది, అప్పు తీర్చేది, కౌలు కొలిచేది బస్తాలతో. ఖాళీ గోనెలతో ఎవరూ కౌలు కొలవరు.

ఇక మీ బోర్డు. మీరు అమ్మేది ఖాళీ సంచులు కాబట్టి ‘గోనె సంచులు’ అని రాయించండి. ప్రభుత్వ కాగితాల్లో గన్నీ అన్న మాటే నడుస్తోంది. టెండర్లు వేసేటప్పుడు, బిల్లు పుస్తకంలో ‘గన్నీ’ ఉంచండి, లేకపోతే లెక్క సరిచూసే గుమస్తాకు ఇబ్బంది. బోర్డు చదివేది మాత్రం రైతు. జూటుతో పాటు గోగునార సంచులు, ప్లాస్టిక్ సంచులు కూడా అమ్మితే, గోనె అన్న మాట కింద మూడింటి పేర్లూ విడివిడిగా రాయించండి. ‘జనపనార’ అని మాత్రం రాయించకండి, మీ కొట్లో ఆ సరుకు ఉండే అవకాశం లేదు.